మల్టీకాస్ట్ సాఫ్ట్‌వేర్ పంపిణీ

ఒక సంస్థలోని అనేక కంప్యూటర్లకు ఒకే సాఫ్ట్‌వేరును లేదా ఆపరేటింగ్ సిస్టం ప్రతిని ఒకే ప్రసారంగా, ఒకేసారి చేరవేసే పద్ధతిని మల్టీకాస్ట్ సాఫ్ట్‌వేర్ పంపిణీ అంటారు. ఈ పద్ధతిలో సర్వరు ప్రతి ప్యాకెట్టును ఒక్కసారి మాత్రమే పంపుతుంది. దారులు చీలే చోట రౌటర్లు మరియు స్విచ్‌లు దానికి నకళ్ళు తీసి, కోరిన కంప్యూటర్లన్నిటికీ అందజేస్తాయి. కళాశాలల కంప్యూటరు ప్రయోగశాలలు, శిక్షణ కేంద్రాలు, అనేక శాఖలు గల కార్యాలయాలు మొదలైన చోట్ల ఇది ఉపయోగపడుతుంది. దీని జయాపజయాలు పంపే ప్రోగ్రాముపై కన్నా నెట్‌వర్కు ప్రణాళికపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. ప్రణాళిక సరిగా ఉంటే రాత్రంతా పట్టే పని కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. ప్రణాళిక లోపిస్తే అదే ప్రసారం కార్యాలయంలోని ఇతర పనులన్నిటినీ స్తంభింపజేయగలదు.

ప్రసార పద్ధతులు

నెట్‌వర్కులో సమాచారాన్ని పంపడానికి ముఖ్యంగా మూడు పద్ధతులు ఉన్నాయి. ఒక ఊరిలో కబురు చేరవేయడంతో వీటిని పోల్చవచ్చును.

* యూనికాస్ట్: ఇంటింటికీ విడివిడిగా మనిషిని పంపడం వంటిది. ఎన్ని కంప్యూటర్లు ఉంటే సర్వరు అన్నిసార్లు అదే ఫైలును పంపాలి.
* బ్రాడ్‌కాస్ట్: ఊరంతా దండోరా వేయించడం వంటిది. అవసరం ఉన్నా లేకున్నా ఆ సబ్‌నెట్‌లోని ప్రతి కంప్యూటరూ వినవలసి వస్తుంది. ఈ ప్రసారం సాధారణంగా రౌటరును దాటి వెళ్ళదు.
* మల్టీకాస్ట్: కబురు కావలసినవారు ముందుగా పేరు నమోదు చేసుకోగా, వారు ఉన్న వీధులలో మాత్రమే దండోరా వేయించడం వంటిది.

ఈ భేదం ఎంతటిదో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చును. 4 గిగాబైట్ల ప్రతిని 100 కంప్యూటర్లకు పంపాలనీ, సర్వరుకు గల లింకు వేగం సెకనుకు 100 మెగాబిట్లనీ అనుకుందాం. 4 గిగాబైట్లు అంటే 32 గిగాబిట్లు. యూనికాస్ట్‌లో మొత్తం 3,200 గిగాబిట్లు పంపాలి. లింకు మొత్తాన్నీ వాడినా దీనికి 32,000 సెకన్లు, అనగా దాదాపు 8 గంటల 53 నిమిషాలు పడుతుంది. మల్టీకాస్ట్‌లో 32 గిగాబిట్లు మాత్రమే పంపితే చాలు. ఆదర్శ పరిస్థితులలో ఇది 320 సెకన్లలో, అనగా 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తవుతుంది. కంప్యూటర్లు 100 నుండి 200కు పెరిగితే యూనికాస్ట్ సమయం రెట్టింపవుతుంది. మల్టీకాస్ట్ సమయంలో మాత్రం పెద్దగా మార్పు ఉండదు.

చరిత్ర

ఐపీ మల్టీకాస్ట్ భావనను 1980లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డీరింగ్ అభివృద్ధి చేశాడు. దానికి ప్రమాణంగా నిలిచిన ఆర్‌ఎఫ్‌సి 1112 అనే పత్రం 1989లో వెలువడింది. అప్పటి రౌటర్లలో అధిక భాగం మల్టీకాస్ట్‌ను అర్థం చేసుకోలేకపోవడం వలన, 1992లో ఎంబోన్ అనే ప్రయోగాత్మక నెట్‌వర్కును సొరంగాల పద్ధతిలో ఇంటర్నెట్‌పై నిర్మించారు. అది ప్రధానంగా ధ్వని, దృశ్య ప్రసారాలకు ఉపయోగపడింది.

ఫైళ్ళ పంపిణీకి మల్టీకాస్ట్‌ను వాడే ప్రయత్నాలు 1990లలో ఊపందుకున్నాయి. స్టార్‌బర్స్ట్ కమ్యూనికేషన్స్ సంస్థ ఎంఎఫ్‌టీపీ అనే ప్రోటోకాలును రూపొందించింది. న్యూజీలాండ్‌కు చెందిన బైనరీ రీసెర్చ్ సంస్థ తయారుచేసిన ఘోస్ట్ అనే డిస్కు నకలు ప్రోగ్రామును 1998లో సిమాంటెక్ సంస్థ కొనుగోలు చేసింది. దానిలోని మల్టీకాస్ట్ సదుపాయం ప్రయోగశాలల నిర్వాహకులలో బాగా ప్రచారం పొందింది. విండోస్ సర్వర్ 2008లోని విండోస్ డెప్లాయ్‌మెంట్ సర్వీసెస్‌లో మైక్రోసాఫ్ట్ మల్టీకాస్ట్‌ను చేర్చింది. ఉచిత సాఫ్ట్‌వేర్లలో తైవాన్‌లో రూపొందిన క్లోన్‌జిల్లా, మరియు ఫాగ్ అనేవి ముఖ్యమైనవి. ఈ రెండూ మల్టీకాస్ట్ కొరకు యూడీపీకాస్ట్ అనే ప్రోగ్రాముపై ఆధారపడతాయి.

చిరునామాల కేటాయింపు

ఐపీవీ4లో 224.0.0.0 నుండి 239.255.255.255 వరకు గల చిరునామాలు మల్టీకాస్ట్‌కు కేటాయించబడ్డాయి. ఈ చిరునామా ఏ ఒక్క కంప్యూటరుకూ చెందదు. అది ఒక బృందాన్ని సూచిస్తుంది. వీటిలో ముఖ్యమైన విభాగాలు:

* 224.0.0.0 నుండి 224.0.0.255 వరకు: రౌటర్లు తమలో తాము మాట్లాడుకోవడం వంటి నియంత్రణ పనులకు ప్రత్యేకించినవి. వీటిని రౌటర్లు ఎన్నడూ ముందుకు పంపవు. సాఫ్ట్‌వేర్ పంపిణీకి ఇవి పనికిరావు.
* 232తో మొదలయ్యేవి: ఒక నిర్దిష్ట మూలం నుండి మాత్రమే స్వీకరించే పద్ధతికి కేటాయించినవి.
* 239తో మొదలయ్యేవి: సంస్థలు తమ అంతర్గత అవసరాలకు స్వేచ్ఛగా వాడుకోదగినవి. 1998లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 2365 ప్రకారం 239.192.0.0 నుండి 239.195.255.255 వరకు గల భాగం ఒక సంస్థ పరిధికి ఉద్దేశించబడింది.

సాఫ్ట్‌వేర్ పంపిణీకి ఈ చివరి భాగం నుండి చిరునామాలను ఎంచుకోవడం మంచిది. ప్రతి పంపిణీకి లేదా ప్రతి భవనానికి వేరు చిరునామాను కేటాయించి, ఆ పట్టికను భద్రపరచాలి. రెండు పంపిణీలు ఒకే చిరునామాను వాడితే, ఒకదాని కొరకు చేరిన కంప్యూటర్లపై రెండవదాని ప్యాకెట్లు కూడా వచ్చి పడతాయి.

చిరునామాలను ఎంచుకోవడంలో మరొక చిక్కు కలదు. బృందాన్ని గుర్తించే 28 బిట్లలో చివరి 23 బిట్లు మాత్రమే ఈథర్నెట్ చిరునామాలోకి వెళతాయి. మిగిలిన 5 బిట్లు పోతాయి కనుక 32 ఐపీ బృందాలకు ఒకే ఈథర్నెట్ చిరునామా వస్తుంది. ఉదాహరణకు 239.0.0.5, 239.128.0.5 అనే చిరునామాలు రెండూ రౌటర్ల నియంత్రణకు వాడే 224.0.0.5తో కలిసిపోతాయి. అటువంటి చిరునామాలకు వచ్చే ప్యాకెట్లను అనేక స్విచ్‌లు అన్ని పోర్టులకూ పంపివేస్తాయి. కాబట్టి మధ్య అంకెలు 0.0 గానీ 128.0 గానీ ఉండే చిరునామాలను వాడకూడదు.

ఐపీవీ6లో బ్రాడ్‌కాస్ట్ అనేదే లేదు. మొదటి 8 బిట్లు అన్నీ 1గా ఉండే చిరునామాలు అందులో మల్టీకాస్ట్‌కు చెందుతాయి.

సభ్యత్వ నమోదు మరియు స్విచ్‌లు

ఒక కంప్యూటరు తాను ఫలానా బృందంలో చేరదలచినట్లు తెలుపడానికి ఐజీఎంపీ అనే ప్రోటోకాలును వాడుతుంది. దీని రెండవ కూర్పు 1997లోను, మూడవ కూర్పు 2002లోను ప్రమాణాలుగా వెలువడ్డాయి. మూడవ కూర్పులో ఏ మూలం నుండి స్వీకరించాలో కూడా కంప్యూటరు తెలుపగలదు. ఐపీవీ6లో ఇదే పనిని ఎంఎల్‌డీ చేస్తుంది.

సాధారణ స్విచ్‌కు మల్టీకాస్ట్ బృందాల గురించి ఏమీ తెలియదు. అది ఆ ప్యాకెట్లను అన్ని పోర్టులకూ పంపుతుంది. సెకనుకు 70 మెగాబిట్ల పంపిణీ జరుగుతున్నపుడు అదే స్విచ్‌కు 10 మెగాబిట్ల పాత ప్రింటరు ఉంటే, దానికి సంబంధం లేని ప్రవాహంతో ఆ పోర్టు నిండిపోయి ప్రింటరు పనిచేయదు. దీనిని నివారించడానికి ఐజీఎంపీ స్నూపింగ్ అనే సదుపాయాన్ని వాడతారు. స్విచ్ తన గుండా వెళ్ళే ఐజీఎంపీ సందేశాలను గమనించి, సభ్యులు ఉన్న పోర్టులకు మాత్రమే ప్యాకెట్లను పంపుతుంది.

స్నూపింగ్ పనిచేయాలంటే ఆ సబ్‌నెట్‌లో ప్రశ్నించే పరికరం ఒకటి ఉండాలి. దీనిని క్వెరియర్ అంటారు. "ఈ బృందంలో ఇంకా ఎవరైనా ఉన్నారా" అని అది సాధారణంగా 125 సెకన్లకొకసారి అడుగుతుంది. సభ్యుల జవాబులను బట్టి స్విచ్ తన పట్టికను తాజాపరచుకుంటుంది. మల్టీకాస్ట్ రౌటరు ఉన్న చోట అదే ఈ బాధ్యత వహిస్తుంది. రౌటరు లేని ప్రత్యేక ప్రయోగశాల నెట్‌వర్కులో స్విచ్‌లలోనే ఒకదానిని క్వెరియరుగా నియమించాలి. దీనిని మరచిపోతే ఒక వింత లక్షణం కనిపిస్తుంది. పంపిణీ చక్కగా మొదలై, దాదాపు నాలుగు నిమిషాల తరువాత హఠాత్తుగా ఆగిపోతుంది. సభ్యత్వపు గడువు సాధారణంగా 260 సెకన్లు కావడమే ఇందుకు కారణం.

రౌటర్ల అమరిక

సర్వరు ఒక సబ్‌నెట్‌లోను, కంప్యూటర్లు వేరే సబ్‌నెట్లలోను ఉన్నపుడు దారిలోని ప్రతి రౌటరులో మల్టీకాస్ట్ రౌటింగును ప్రారంభించాలి. ఇందుకు ఎక్కువగా వాడే ప్రోటోకాలు పిమ్. దీనిలోని ముఖ్యమైన విధానాలు ఇవి.

* డెన్స్ మోడ్: ప్రసారాన్ని మొదట అన్ని దిక్కులకూ పంపి, అక్కరలేని కొమ్మలను తరువాత కత్తిరిస్తుంది. చిన్న నెట్‌వర్కులో తేలికే కాని, నెమ్మది లింకులు గల శాఖలకు ఇది ప్రమాదకరం.
* స్పార్స్ మోడ్: కోరినవారికి మాత్రమే పంపుతుంది. మూలము, సభ్యులు ఒకరినొకరు కనుగొనడానికి రాండెవూ పాయింట్ (కలయిక స్థానం) అనే రౌటరును నియమించాలి. పంపిణీ సర్వరు ఒక్కటే అయినపుడు ఈ రౌటరును దానికి దగ్గరలో ఉంచడం మేలు.
* మూలాధార మల్టీకాస్ట్: సభ్యులు మూలం చిరునామాను కూడా ముందే తెలుపుతారు కనుక కలయిక స్థానంతో పనిలేదు. దీనికి ఐజీఎంపీ మూడవ కూర్పు అవసరం.

ప్యాకెట్టు సరైన దిక్కు నుండి వచ్చిందా లేదా అని రౌటరు తనిఖీ చేస్తుంది. మూలానికి తిరిగి వెళ్ళడానికి తాను ఏ దారిని వాడునో, ఆ దారి గుండా వచ్చిన ప్యాకెట్లను మాత్రమే స్వీకరిస్తుంది. సర్వరుకు రెండు దారులు ఉండి, పోకడ ఒకటి రాకడ ఒకటి అయినపుడు ఈ తనిఖీలో ప్యాకెట్లు తిరస్కరించబడతాయి.

ప్రతి ప్యాకెట్టులోను టీటీఎల్ అనే అంకె ఉంటుంది. రౌటరును దాటిన ప్రతిసారీ ఇది ఒకటి తగ్గుతుంది. ప్రోగ్రాము ప్రత్యేకంగా మార్చకపోతే మల్టీకాస్ట్ ప్యాకెట్లకు ఈ అంకె 1గా ఉంటుంది. అటువంటి ప్యాకెట్లు మొదటి రౌటరు వద్దనే అంతమవుతాయి. కాబట్టి దారిలోని రౌటర్ల సంఖ్యను లెక్కించి, పంపే ప్రోగ్రాములో దీనిని తగినట్లు పెంచాలి.

వేగ నిర్ణయం

టీసీపీ తనంతట తాను రద్దీని గమనించి వేగాన్ని తగ్గించుకుంటుంది. అయితే టీసీపీ ఇద్దరి మధ్య సంభాషణకు ఉద్దేశించినది కావడం వలన మల్టీకాస్ట్ కొరకు యూడీపీని వాడతారు. యూడీపీకి రద్దీ అంటే ఏమిటో తెలియదు. కనుక వేగాన్ని నిర్ణయించే బాధ్యత పంపే ప్రోగ్రాముదీ, దానిని అమర్చే నిర్వాహకునిదీ అవుతుంది. ఈ నిర్ణయంలో క్రింది విషయాలను పరిశీలించాలి.

# దారిలోని అతి నెమ్మది లింకు వేగం ఎంత. సర్వరుకు 1 గిగాబిట్ లింకు ఉన్నా, కంప్యూటర్లకు 100 మెగాబిట్లే ఉంటే పంపే వేగం 100 మెగాబిట్లకు లోపుగానే ఉండాలి.
# ఆ లింకుపై అదే సమయంలో జరిగే ఇతర పనులకు ఎంత మిగల్చాలి.
# స్వీకరించే కంప్యూటర్ల డిస్కులు ఎంత వేగంగా వ్రాయగలవు. డిస్కు వెనుకబడితే నెట్‌వర్కు బాగున్నప్పటికీ ప్యాకెట్లు పోతాయి.

అందరికీ ఒకే ప్రవాహం వెళుతుంది కాబట్టి అతి నెమ్మది కంప్యూటరే మొత్తం వేగాన్ని శాసించే ప్రమాదం కలదు. ఒక పాత కంప్యూటరు వలన మిగిలిన 99 కంప్యూటర్లు ఎదురుచూడవలసి రావచ్చును. దీనికి విరుగుడుగా కంప్యూటర్లను వాటి సామర్థ్యాన్ని బట్టి బృందాలుగా విభజించి వేర్వేరు ప్రవాహాలు పంపుతారు. విండోస్ సర్వర్ 2008 ఆర్2లో వేగాన్ని బట్టి వేర్వేరు ప్రవాహాలను నడిపే సదుపాయము, నెమ్మది కంప్యూటర్లను తొలగించే సదుపాయము చేర్చబడ్డాయి.

నమ్మకమైన చేరవేత

దృశ్య ప్రసారంలో ఒక ప్యాకెట్టు పోతే తెర ఒక క్షణం చెదిరి ఊరుకుంటుంది. సాఫ్ట్‌వేరులో ఒక్క ప్యాకెట్టు పోయినా ఫైలు మొత్తం పనికిరాకుండా పోతుంది. కనుక పోయిన ప్యాకెట్లను తిరిగి అందించే ఏర్పాటు తప్పనిసరి.

ప్రతి ప్యాకెట్టుకూ అందరూ రసీదు పంపితే సర్వరు ఆ రసీదులలోనే మునిగిపోతుంది. అందువలన ప్యాకెట్టు అందనివారు మాత్రమే ఫిర్యాదు చేసే విధానాన్ని అనుసరిస్తారు. ఇందులోనూ ఇబ్బంది లేకపోలేదు. సర్వరుకు దగ్గరలోనే ఒక ప్యాకెట్టు పోతే 500 కంప్యూటర్లు ఒకేసారి 500 ఫిర్యాదులు పంపుతాయి. దీనిని తప్పించడానికి ప్రతి కంప్యూటరు కొంత యాదృచ్ఛిక సమయం వేచి ఉండి, అంతలో మరొకరు అదే ఫిర్యాదు చేసినట్లు తెలిస్తే తాను విరమించుకుంటుంది. నార్మ్ అనే ప్రోటోకాలు ఈ మార్గంలో పనిచేస్తుంది. దాని ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సి 5740 2009లో వెలువడింది.

రెండవ మార్గం ముందుగానే అదనపు ప్యాకెట్లను పంపడం. ఉదాహరణకు 20 ప్యాకెట్ల సమాచారానికి 5 సవరణ ప్యాకెట్లను గణితపరంగా తయారుచేసి 25 పంపుతారు. వాటిలో ఏ 20 అందినా అసలు సమాచారాన్ని తిరిగి నిర్మించవచ్చును. వేర్వేరు కంప్యూటర్లలో వేర్వేరు ప్యాకెట్లు పోయినా అవే సవరణ ప్యాకెట్లు అందరికీ పనికివస్తాయి. మల్టీకాస్ట్‌కు ఇది చాలా అనువైన గుణం. ఫ్లూట్ అనే ప్రోటోకాలు ఈ పద్ధతిని ఉపయోగించుకోగలదు.

ఆలస్యంగా వచ్చే కంప్యూటర్ల కొరకు రెండు ఏర్పాట్లు గలవు. నిర్ణీత సంఖ్యలో కంప్యూటర్లు చేరేవరకు వేచి ఉండి ప్రసారం ప్రారంభించడం ఒకటి. ఫైలును చక్రంలా మళ్ళీ మళ్ళీ పంపుతూ, మధ్యలో చేరినవారు తమకు లేని భాగాన్ని తరువాతి చుట్టులో తీసుకునేటట్లు చేయడం మరొకటి.

దూర శాఖలు

దూర శాఖలకు సాధారణంగా నెమ్మది లింకులు ఉంటాయి. 20 కంప్యూటర్లు గల ఒక శాఖకు సెకనుకు 2 మెగాబిట్ల లింకు ఉందనీ, అందులో సగం మాత్రమే పంపిణీకి వాడదలచారనీ అనుకుందాం. 500 మెగాబైట్ల ఫైలును విడివిడిగా 20 సార్లు పంపడానికి 80,000 సెకన్లు, అనగా 22 గంటలకు పైగా పడుతుంది. ఒక్కసారి పంపితే 4,000 సెకన్లలో, అనగా గంటా 7 నిమిషాల లోపున ముగుస్తుంది.

లింకును అందించే సంస్థ మల్టీకాస్ట్‌ను అనుమతించని పక్షంలో శాఖలో ఒక ఉప సర్వరును ఉంచుతారు. కేంద్రం నుండి దానికి యూనికాస్ట్‌లో ఒక ప్రతిని పంపి, అక్కడి నుండి స్థానికంగా మల్టీకాస్ట్ చేస్తారు. స్థానిక ప్రసారం సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో 80 సెకన్లలో పూర్తవుతుంది. ఉపగ్రహ లింకులు స్వభావరీత్యా ప్రసారానికి అనువైనవి. కాని ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి అర సెకను వరకు పట్టడం వలన ఫిర్యాదుల కన్నా సవరణ ప్యాకెట్ల పద్ధతి అక్కడ మేలు.

వైర్‌లెస్ నెట్‌వర్కులు

వై-ఫైలో మల్టీకాస్ట్ ఫ్రేములకు రసీదు ఉండదు. అందరికీ వినిపించాలి గనుక వాటిని తక్కువ వేగంతో పంపుతారు. దీనివలన నష్టము పెరుగుతుంది, గాలిలోని సమయం కూడా వృథా అవుతుంది. కొన్ని యాక్సెస్ పాయింట్లు మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా మార్చి పంపుతాయి. ఏమైనప్పటికీ పెద్ద ప్రతుల పంపిణీకి తీగల ద్వారా కలిపిన నెట్‌వర్కే శ్రేయస్కరం.

భద్రత

సామూహిక పంపిణీలో పొరపాటు కూడా సామూహికంగానే జరుగుతుంది. 2014 మే నెలలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో విండోస్ 7 స్థాపనకు సంబంధించిన ప్రతి పొరపాటున విండోస్ కంప్యూటర్లన్నిటికీ పంపబడింది. డిస్కును చెరిపివేసి తిరిగి విభజించడం అందులోని మొదటి పని. సిబ్బంది గుర్తించి పంపిణీ సర్వరును ఆపేలోపు ఆ సర్వరు డిస్కు కూడా చెరిగిపోయింది. పంపే మార్గం ఏదైనప్పటికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ఈ క్రింది జాగ్రత్తలు అవసరం:

* లక్ష్య కంప్యూటర్ల జాబితాను మరొకరిచేత సరిచూపించాలి. సర్వర్లను ఆ జాబితా నుండి ప్రత్యేకంగా మినహాయించాలి.
* సాధారణ మల్టీకాస్ట్‌లో ఎవరైనా బృందంలో చేరి వినవచ్చును. అందువలన ప్రతిలో సంకేతపదాలు ఉంచకూడదు, లేదా ప్రసారాన్ని గుప్తీకరించాలి.
* ఫైలుకు డిజిటల్ సంతకం చేసి, స్థాపించే ముందు ప్రతి కంప్యూటరూ దానిని పరీక్షించేటట్లు చేయాలి.
* ఒకే డిస్కు ప్రతిని అందరికీ పంపేటపుడు మూల కంప్యూటరు పేరు, గుర్తింపు వివరాలను ముందుగా తొలగించాలి. విండోస్‌లో ఇందుకు సిస్‌ప్రెప్ అనే ఉపకరణం ఉంది.

పరీక్ష మరియు సాధారణ లోపాలు

పంపిణీని మొదట ఒకే స్విచ్‌పై రెండు మూడు కంప్యూటర్లతోను, తరువాత ఒక రౌటరును దాటించి, ఆ పిదప ఒక శాఖతోను పరీక్షించి, చివరకు మొత్తం నెట్‌వర్కుకు విస్తరించాలి. సాధారణంగా ఎదురయ్యే లోపాలు ఇవి:

* ఒకే సబ్‌నెట్‌లో పనిచేసి, రౌటరు అవతల పనిచేయకపోవడం: టీటీఎల్ చాలకపోవడం లేదా పిమ్ ప్రారంభించకపోవడం.
* దాదాపు నాలుగు నిమిషాలకు ఆగిపోవడం: క్వెరియర్ లేకపోవడం.
* సంబంధం లేని కంప్యూటర్లు నెమ్మదించడం: స్నూపింగ్ లేకపోవడం లేదా తగని చిరునామాను ఎంచుకోవడం.
* నెట్‌వర్కు ద్వారా బూట్ అయ్యే కంప్యూటరుకు చిరునామా దొరకకపోవడం: స్పానింగ్ ట్రీ వలన స్విచ్ పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పట్టడం. కంప్యూటర్లు కలిపే పోర్టులకు ఈ నిరీక్షణను తొలగించవచ్చును.

ప్రత్యామ్నాయాలు

ఇంటర్నెట్ అంతటా మల్టీకాస్ట్ వ్యాపించలేదు. 2020లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 8815 వేర్వేరు సంస్థల నెట్‌వర్కుల మధ్య మూలం తెలుపని మల్టీకాస్ట్‌ను విడనాడాలని సూచించింది. సంస్థల లోపల కూడా సాధారణ నవీకరణలకు ఇతర పద్ధతులు వాడుకలోకి వచ్చాయి. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ తరహాలో కంప్యూటర్లు ఒకదానికొకటి భాగాలను పంచుకోవడం వీటిలో ప్రధానమైనది. విండోస్ 10తో వచ్చిన డెలివరీ ఆప్టిమైజేషన్ ఈ కోవలోనిదే. దీనికి రౌటర్లలో ప్రత్యేక అమరిక అవసరం లేదు, కంప్యూటర్లన్నీ ఒకే సమయంలో సిద్ధంగా ఉండనక్కరలేదు. విండోస్ 11 స్థాపన మాధ్యమంలోని బూట్ ప్రతిని నేరుగా వాడి విండోస్ డెప్లాయ్‌మెంట్ సర్వీసెస్ ద్వారా స్థాపించే విధానానికి మైక్రోసాఫ్ట్ మద్దతు తొలగించింది.

అయినప్పటికీ ఒకే గదిలోని అనేక కంప్యూటర్లను ఒకే గంటలో ఒకే స్థితికి తీసుకురావలసి వచ్చినపుడు మల్టీకాస్ట్‌కు నేటికీ ప్రయోజనం ఉంది. పరీక్షలకు ముందు ప్రయోగశాలను సిద్ధం చేయడం ఇందుకు చక్కని ఉదాహరణ.

ఇవి కూడా చూడండి

* ఐపీ చిరునామా
* కంప్యూటరు నెట్‌వర్కు
* రౌటరు
* యూడీపీ
* బిట్‌టొరెంట్